ఒక్కసారే అడిగే ఊరు

డబ్బా ఆమె దాకా వచ్చింది, ఆమెను దాటింది, పక్కన కూర్చున్న కళ్ళజోడు పెద్దావిడ ముందు ఆగింది.

జరిగింది అంతే. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. మంగళవారం ఉదయం టీ వేళ, ఆసుపత్రుల బట్టలు ఉతికే ఆ లాండ్రీలో పొడుగాటి బల్ల చుట్టూ పదకొండుమంది కూర్చున్నారు. దుప్పట్లు మడతపెట్టేవాళ్ళలో ఒకరైన పొడుగావిడ, ఇంట్లో చేసుకొచ్చిన కేకు ముక్కలు రేకు డబ్బాలో పట్టుకొని బల్ల ఆ చివర నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. డబ్బా తన దాకా రాగానే ఆమె చేతిలో కప్పు కింద పెట్టి, మొహాన ఒక చిన్న నవ్వు సిద్ధం చేసుకుంది కూడా. పొడుగావిడ ఆ నవ్వు చూసి తనూ నవ్వి, తల ఊపి, డబ్బా పక్కకు జరిపేసింది.

సిద్ధం చేసుకున్న నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియక ఆమె కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. కప్పులో టీ కూడా లేదు, ఎప్పుడో అయిపోయింది.

ఆకలి సంగతి కాదు. కేకు ముక్కకు మొహం వాచిపోయిన మనిషీ కాదు. కానీ పంక్తిలో కూర్చోబెట్టి ఒక్క విస్తరి దాటేసి వడ్డించడమంటే ఎంత మాటో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అలాంటి పనికి వియ్యాలవారు పెళ్ళి భోజనాల్లోంచి చెయ్యి కడుక్కొని లేచిపోవడం కళ్ళారా చూసింది. ఈ పరాయి దేశంలో అలిగి లేచిపోవడానికి ఆమె ఎవరికీ వియ్యపురాలు కాదు. గంట మోగింది. అందరితో పాటు లేచి రోలరు దగ్గరికి వెళ్ళింది.

రోలరు దగ్గర పని ఇద్దరు మనుషుల పని. తడి దుప్పటి ఇటు నుంచి వేడి రోలరు కిందికి వెళ్ళి అటు నుంచి ఇస్త్రీ అయి వస్తుంది. దాన్ని చెరో రెండు మూలలూ పట్టుకోవాలి, ఒక్కసారి విదిలించాలి, నిలువునా రెండు మడతలు వేసి ఎదురెదురుగా నడవాలి, ఒకరి మూలలు ఒకరి చేతికి ఇచ్చి, కింద వేలాడే మడతను వంగి అందుకోవాలి. ఈలోగా ఇంకోటి వచ్చేస్తుంటుంది. ఇద్దరి అడుగూ ఒకటి కాకపోతే మూల జారుతుంది. మూల జారి నేలకు తగిలిన దుప్పటి మళ్ళీ ఉతుక్కి పోవాల్సిందే. ఏడు నెలలుగా ఆమె జోడీ కళ్ళజోడు పెద్దావిడ. రోజుకు మూడు నాలుగొందల సార్లు ఆవిడ వేళ్ళు ఆమె వేళ్ళకు తగులుతాయి. ఆవిడ బొటనవేలి మీద కాలిన మచ్చ ఉందని ఆమెకు తెలుసు. ఆవిడ ఇంట్లో ఎవరున్నారో తెలియదు.

ఆ పెద్దావిడ ఈ శుక్రవారంతో పని మానేస్తోంది, వయసు మీదపడింది. ఆమెకు వచ్చిన చిక్కు అదీ. ఆ లాండ్రీలో జోడీలు మేస్త్రి వెయ్యడు. చేతులు కలవని మనుషుల్ని ఎదురెదురుగా నిలబెడితే దుప్పటి మడతపడదని ఆయన సిద్ధాంతం. ఎవరి జోడీని వాళ్ళే చూసుకొని ఇద్దరూ వచ్చి చెబితే, తలుపు పక్కనున్న బోర్డు మీద సుద్దతో రాస్తాడు. జోడీ దొరకని మనిషి కింది గదికి దిగాలి. అక్కడ మాసిన బట్టల సంచులు విప్పి, తెల్లవీ రంగువీ వేరు చేసి, జేబుల్లో మరిచిపోయిన కత్తెరలూ పెన్నులూ ఏరి పక్కన పెట్టాలి. జీతం అదే, గంటలూ అవే, పనీ అంత కష్టమేం కాదు. కాకపోతే ఆ గదిలో ఒక్కరే ఉంటారు. టీ కూడా అక్కడే. చేతి తొడుగులూ ఏప్రనూ విప్పి, కడుక్కొని, మెట్లెక్కేసరికి విరామం కాస్తా అయిపోతుంది మరి.

అద్దె గదిలోనూ ఆమె ఒక్కతే. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ తీస్తే ఎదురుగా పక్క మేడ గోడ. ఆదివారాలు ఒక్కోసారి సాయంత్రం దాకా నోట్లోంచి ఒక్క మాట బయటికి రాదు. ఆ తర్వాత అక్కకు ఫోను చేస్తే గొంతు బొంగురుగా పలుకుతుంది, జలుబు చేసిందా అని అక్క అడుగుతుంది. ఇక పగళ్ళు కూడా ఆదివారాలే అయిపోతే తనకు పిచ్చెక్కడం ఖాయమని ఆమెకు భయం పట్టుకుంది. నలుగురి మధ్య మాట్లాడకుండా ఉండటం ఎలాగోలా అలవాటైంది. మనిషి అలికిడే లేకుండా ఉండటం తన వల్ల కాదు.

ఖాళీ ఒక్కటే ఉంది. పొడుగావిడ జోడీ ఇస్త్రీ బల్లకు మారిపోతోంది కాబట్టి సోమవారం నుంచి ఆవిడ ఎదుట ఎవరో ఒకరు నిలబడాలి. అదే సోమవారం ఎవరో కొత్తమ్మాయి చేరుతోందట. ఆ చోటు ఈమెదా, ఆ అమ్మాయిదా అన్నది శుక్రవారం లోపల తేలిపోవాలి. తేల్చాల్సిన పొడుగావిడ కాస్తా మంగళవారమే కేకు డబ్బా ఆమెను దాటించేసింది.

సాయంత్రం ఆమె ఈ సంగతి అక్కకు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. అక్క ఒంటికాలి మీద లేచింది. పదిమందికీ పెట్టి ఒక్కదాన్ని దాటేయడానికి అదేమైనా మనిషేనా అంది. అక్కడికక్కడే మొహం మీద అడిగెయ్యకపోయావా అంది. మళ్ళీ తనే, అడగకపోవడం మంచిదైంది, అడిగితే లోకువైపోయేదానివి అంది. అక్క సలహాలు ఎప్పుడూ జంటగానే వస్తాయి, ఒకటి పాటిస్తే రెండోది ఎందుకు పాటించలేదని చీవాట్లు తినాలి.

"చూడు చిన్నదానా, నువ్వు మాత్రం ఎవరి వెంటా పడకు," అంది చివరికి. "కావాలంటే వాళ్ళే వచ్చి అడుగుతారు. అడగ్గానే ఎగబడకు. మనకూ ఒక మర్యాద ఏడిసింది."

ఆమె అలాగేనంది. తిన్నావా అని అక్క అడిగితే తిన్నానంది. అన్నమైతే వండింది గాని, ఒక్కదానికీ కంచం పెట్టుకోబుద్ధి కాక గిన్నె మీద మూత అలాగే ఉంచేసింది.

బుధవారం పొద్దున, పనిబట్టలు మార్చుకునే గదిలో ఆమె జుట్టును వలటోపీలోకి దోపుకుంటూ ఉంటే పొడుగావిడ వచ్చి పక్కన నిలబడింది. గొంతు సవరించుకుంది.

"సోమవారం నుంచి నాకు జోడీ లేదు. నాతో నిలబడతావా?"

ఆమె ప్రాణం లేచొచ్చింది. ఏ మాట కోసమైతే కళ్ళు కాయలు కాసేలా చూస్తోందో, ఆ మాట తనంతట తనే నడిచొచ్చింది. వెంటనే నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం ఊడిపడిందో విన్నాక ఆమెకే మతి పోయింది.

"అయ్యో, వద్దులెండి. మీకెందుకు శ్రమ."

ఇందులో ఆమె తప్పేం లేదు, పెంపకం అలాంటిది. చిన్నప్పుడు ఎవరింట్లోనైనా తినమంటే మొదటిసారి, వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాం అనాలి. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే. రెండోసారి, అబ్బే, నిజంగా వద్దండీ అనాలి. మూడోసారి అమ్మ వైపు చూడాలి, అమ్మ కనుబొమ్మ రవ్వంత కదిలితే అప్పుడు చెయ్యి చాపాలి. మొదటి మాటకే చెయ్యి చాపిన పిల్లకు ఇంటికొచ్చాక వీపు విమానం మోత మోగేది. నలభై ఏళ్ళు అలా తర్ఫీదైన నాలుక, మనిషిని అడక్కుండానే తన పని తాను చేసుకుపోయింది.

చేసుకుపోయి, ఎదురుచూసింది. ఇప్పుడావిడ, శ్రమేముంది, నిలబడు అనాలి. మీకేం ఇబ్బంది లేకపోతేనే అని తను అనాలి. ఇబ్బందేమీ లేదని ఆవిడంటే, సరే మరి, మీరింతగా అంటున్నారు కాబట్టి అని తను ఒప్పుకోవాలి. మొత్తం కలిపి అర నిమిషం పని.

పొడుగావిడ "సరే" అంది. నిన్న డబ్బా జరిపినప్పుడు ఊపినట్టే, మర్యాదగా, కొంచెం నవ్వి తల ఊపింది. వంగి బూటు తాడు బిగించుకొని వెళ్ళిపోయింది.

ఆమె ఆవిడ వెనకాలే రెండడుగులు వేసింది గాని అక్క మాట గుర్తొచ్చి ఆగిపోయింది. టీ వేళ మళ్ళీ అడుగుతుందిలే అనుకుంది. టీ వేళ పొడుగావిడ కిటికీ దగ్గర మేస్త్రితో ఏదో మాట్లాడుతూ నిలబడింది. భోజనాలప్పుడు అడుగుతుంది అనుకుంది. భోజనాలప్పుడు కావాలనే ఆవిడకు ఎదురుగా కూర్చుంది. ఉప్పు కావాలా అని ఆవిడ అడిగితే అలవాటుగా వద్దంది. తన కూరలో నిజంగానే ఉప్పు తగ్గింది. మూడింటికి పని దిగి బస్టాపులో నిలబడితే వాన మొదలైంది. పొడుగావిడ కారు ఎదురుగానే వెళ్ళింది, లోపలి నుంచి చెయ్యి కూడా ఊపింది, ఆగలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది. ఎంత కఠినాత్ములమ్మా వీళ్ళు అనుకుంటూ ఆమె తడిసిన బస్సులో తడిసిన మనుషుల మధ్య ఇల్లు చేరింది.

గురువారం పొద్దున తలుపు తీయగానే బోర్డు మీద కొత్త సుద్దరాత కనిపించింది. పొడుగావిడ పేరు పక్కన కొత్తమ్మాయి పేరు. అన్నిటికీ అడుగున ఒక గీత, గీత కింద 'కింది గది' అన్న మాట, దాని పక్కన ఆమె పేరు ఒక్కటే. మేస్త్రి చేతుల సుద్ద దులుపుకుంటూ ఆమెను చూసి ఎంతో ఆప్యాయంగా నవ్వాడు.

"ఒక్కదానివే ఉండటం నీకిష్టమటగా. మంచిదైంది. కిందకి ఇష్టపడి వెళ్ళే మనిషి ఇన్నాళ్ళకు దొరికింది."

ఆమె రోలరు దగ్గరికి వెళ్ళి మూలలు పట్టుకుంది. మొదటి గంటలోనే రెండు దుప్పట్లు నేలకు జారాయి. మూడోది జారగానే పెద్దావిడ ఎవరూ చెయ్యని పని చేసింది, ఎర్ర బొత్తాం నొక్కి రోలరు ఆపేసింది. గదంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఏమైంది నీకు?"

ఆమె చెప్పేసింది. వచ్చీరాని ఆ భాషలో, వరసా పాడూ లేకుండా మొత్తం కక్కేసింది. ఏడు నెలలుగా మీరెవరూ నన్ను మనిషిగా చూడలేదంది. బల్ల దగ్గర నాతో ఎవరూ మాట్లాడరంది. అందరికీ పెట్టి నాకు పెట్టలేదంది. ఇప్పుడు కిందకి తోసేస్తున్నారు, పైగా నాకిష్టమని చెప్పుకుంటున్నారంది. పెద్దావిడ కళ్ళజోడు తీసి ఏప్రను కొసతో తుడుచుకుంటూ చివరి దాకా విన్నది.

"నువ్వు వద్దన్నావుగా," అంది.

ఎప్పుడన్నానని ఆమె అడిగింది. పెద్దావిడ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. చేరిన మొదటి వారం పొడుగావిడ కేకు పెడితే వద్దన్నావు. రెండో వారం పెడితే వద్దన్నావు. కుర్చీ జరిపితే నిలబడే తాగుతానన్నావు. వానలో కారెక్కమంటే బస్సే హాయిగా ఉంటుందన్నావు. ఆదివారం మా ఇంటికి రమ్మని నేను పిలిస్తే, అబ్బే, మీకెందుకు ఇబ్బంది అన్నావు. పిలిచే ముందే నీకని ఒక కుర్చీ వేరే గదిలోంచి తెచ్చాను, నువ్వలా అన్నాక మళ్ళీ తీసుకెళ్ళి పెట్టేశాను.

ఆమెకు అన్నీ గుర్తున్నాయి. ప్రతిసారీ రెండో పిలుపు కోసం ఎంతసేపు నిలబడిందో కూడా గుర్తుంది.

"మళ్ళీ అడగొచ్చు కదండీ," అంది.

"మళ్ళీనా?" పెద్దావిడ నిజంగానే తెల్లబోయింది. "వద్దన్న మనిషిని మళ్ళీ అడగడమంటే, నీ మాట మీద నాకు నమ్మకం లేదని మొహాన చెప్పడమే కదా. మాకా మాత్రం మర్యాద తెలియదా?"

తర్వాత కొంచెం గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. ఆమె పేరు అక్కడెవరికీ నోరు తిరగదు. అందుకని అందరూ ఆమెను తమలో తాము 'వద్దు' అనే పిలుచుకుంటారట. వద్దు వచ్చిందా, ఇవాళ వద్దుకు ఒంట్లో బాగా లేనట్టుంది, అని. వెక్కిరింత కాదు, అలా అలవాటైపోయిందంతే అంది. అవతల నుంచి మేస్త్రి కేకేశాడు. పెద్దావిడ పచ్చ బొత్తాం నొక్కింది, దుప్పటి వచ్చింది, ఇద్దరూ చెరో మూలా పట్టుకున్నారు.

సాయంత్రం అక్క ఇదంతా విని పడీపడీ నవ్వింది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగొచ్చి మరీ నవ్వింది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది.

"వెంట పడొద్దని నేనే కదే చెప్పాను," అంది అక్క.

"చెప్పావు."

"నీ జన్మలో నా మాట ఎప్పుడైనా విన్నావా? ఇదొక్కటీ వినాలా?" అక్క ముక్కు చీదుకుంది. "రేపు పొద్దున్నే వెళ్ళి నోరు తెరిచి అడుగు. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. అడిగెయ్."

శుక్రవారం ఆమె అందరికంటే ముందొచ్చి బట్టల గదిలో కాచుకుంది. పొడుగావిడ రాగానే ఎదురెళ్ళి, దారంతా అనుకుంటూ వచ్చిన మాట అనేసింది. మీతో నిలబడాలని ఉందండీ అంది. పొడుగావిడ చేతిలోని సంచీ మెల్లగా కింద పెట్టింది.

"లేదు. మొన్న ఆ కొత్తమ్మాయి వచ్చి అడిగితే మాటిచ్చేశాను."

ఇంకెవరైనా, ఇంకెక్కడైనా అయితే ఆమె అక్కడితో ఆగేది కాదు. బతిమాలడం కూడా పెంపకంలో భాగమే, దానికీ మూడు విడతలున్నాయి. కానీ లేదంటే ఇక్కడ లేదనే అర్థమని నిన్ననే తెలిసింది. మాటిచ్చిన మనిషిని మాట తప్పమనడం ఏ ఊళ్ళోనూ బాగుండదు. ఆమె "సరే" అంది. తలా ఊపింది. ఆ తల ఊపడానికి ఎంత ఓపిక కావాలో అప్పుడు తెలిసింది.

"ఒక్కటి మాత్రం చెప్పాలండీ," అంది. "బుధవారం నేను వద్దన్నది నిజం కాదు. నాకు కావాలి. కేకు కూడా. మా వైపు మొదటిసారి అలాగే అంటాం, అది మర్యాద."

పొడుగావిడ కనుబొమలు ముడిచి చాలాసేపు ఆలోచించింది.

"మరి ఎన్నిసార్లు అడగాలి?"

"మూడు."

"ప్రతిదానికీనా?" అంది పొడుగావిడ. "మీకు రోజంతా దానికే సరిపోదూ?"

గంట మోగింది. ఆ రోజు పెద్దావిడతో ఆఖరి దుప్పటి మడిచేటప్పుడు ఇద్దరూ మామూలుగానే ఎదురెదురుగా నడిచారు, మూలలు మామూలుగానే చేతులు మారాయి. పెద్దావిడ దుప్పటిని దొంతర మీద పెట్టి, అరచేత్తో ఒకసారి సాపు చేసి, ఆదివారం మా ఇంటికి వస్తావా అంది. అయ్యో, మీకెందుకు అన్న మాట ఆమె పెదాల దాకా వచ్చేసింది. పంటితో అదిమిపట్టి, ఎన్నింటికి రమ్మంటారు అని అడిగింది.

ఆదివారం వెళ్ళింది. పెద్దావిడ, ఆవిడ పిల్లి, వేరే గదిలోంచి తెచ్చిన కుర్చీ. పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు, పిల్లి వయసెంతో, ఆవిడ మోకాలు ఎప్పటి నుంచి నొప్పో చెప్పుకున్నారు. ఆ సాయంత్రం అక్క జలుబు సంగతి అడగలేదు.

అయినా సోమవారం సోమవారమే. ఏడింటికి ఆమె కింది గదికి దిగింది. కిటికీ లేదు, గొట్టంలైటు ఒక మూల కొట్టుకుంటోంది. ఏప్రను కట్టుకొని, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకొని, మొదటి సంచీ విప్పింది. తెల్లవి ఎడమ బండిలోకి, రంగువి కుడి బండిలోకి. ఒక జేబులో చిన్న కత్తెర, ఇంకో జేబులో సగం వాడిన మాత్రల అట్ట. పైన రోలరు తిరుగుతున్న చప్పుడు కప్పులోంచి దిగి వస్తోంది. దుప్పటి వచ్చే లెక్క ఆమె ఒంటికి తెలుసు కాబట్టి, ఇప్పుడు విదిలిస్తున్నారు, ఇప్పుడు ఎదురు నడుస్తున్నారు అని చేతులకు అనిపిస్తూనే ఉంది. ఏడు సంచులయ్యేసరికి టీ గంట మోగింది. బల్ల చుట్టూ కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరిదో నవ్వు. ఆమె ఫ్లాస్కు తీసి బండి అంచు మీద పెట్టుకొని కూర్చుంది. నెల రోజులకోసారి బోర్డు చెరుపుతారు. ఇంకా నెల అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తొడుగులున్న చేత్తో తుడుచుకోవడానికి లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పొడుగావిడ వచ్చి గుమ్మం అవతలే ఆగింది, ఏప్రను లేనివాళ్ళు లోపలికి రాకూడదు. చేతిలో రేకు డబ్బా ఉంది. మొహం పరీక్ష రాయబోతున్నంత గంభీరంగా ఉంది.

"కేకు తింటావా?"

"తింటాను," అంది ఆమె, తొడుగులు లాగేస్తూ.

పొడుగావిడ వినిపించుకోలేదు. మెట్లన్నీ అదే వల్లెవేసుకుంటూ దిగిందో ఏమో, డబ్బా మూత మీద లెక్కకు ఉంచిన చూపుడువేలు పక్కన ఇంకో వేలు ఆనించి, "మొహమాటపడకు, కొంచెం తిను," అంది.

"తింటానన్నాను కదండీ."

"నా కోసమైనా ఒక్కటి తీసుకో." మూడో వేలు కూడా మూత మీదికొచ్చింది. అప్పుడు ఊపిరి తీసుకొని, హమ్మయ్య అన్నట్టు మూత తీసింది.

ఆమెకు నవ్వాగలేదు. ఆ లాండ్రీలో ఆమె గట్టిగా నవ్వడం అదే మొదలు. పొడుగావిడ కంగారుపడి, తప్పుగా అడిగానా అంది. లేదండీ, మా అమ్మ అడిగినట్టే అడిగారు అంది ఆమె. చేతులు కడుక్కొని ముక్క తీసుకుంది. గుమ్మానికి ఒకరు ఇటు, ఒకరు అటు నిలబడి తిన్నారు. తీపి కొంచెం ఎక్కువైంది. కొత్తమ్మాయి మూలలు బాగానే పట్టుకుంటుందని, కాకపోతే విదిలించేటప్పుడు తొందరెక్కువని పొడుగావిడ చెప్పింది. రేపటి నుంచి టీకి తనే కిందకి దిగుతానంది. నువ్వు పైకి వచ్చేసరికి గంట మోగేస్తుంది కదా, నాకా ఏప్రను గొడవ లేదు అంది. ఆ అమ్మాయికి ఈ నెలకే మాటిచ్చానని కూడా చెప్పింది.

పైన గంట మోగింది. పొడుగావిడ వెళ్ళబోతూ మెట్టు మీద ఆగింది.

"నెల తిరిగాక నాతో నిలబడతావా?"

అడిగి, డబ్బా మూత మీద రెండో వేలు ఆనించబోయింది. ఆమె చెయ్యి చాచి ఆ వేలు పట్టుకొని ఆపింది.

"చాలు," అంది. "నిలబడతాను."